పక్కన పెట్టిన స్ప్రింగు

మూంటాలో, రాగి గనులు ఎప్పుడో మూతపడ్డ ఊళ్ళో,
రేకుల షెడ్డులో గ్లెనిస్ ట్రెజోనా
వాల్వు స్ప్రింగులు తూకం వేస్తోంది.
ఉల్లిపాయలు తూచినట్టు కాదు,
కంసాలిలా, ఊపిరి బిగబట్టి.

ముల్లు ఎనభైకి రావాలి.
ఎనభై. ఎనభై. డెబ్బై తొమ్మిదిన్నర. ఎనభై.
డెబ్బై నాలుగు.
"దీనికి వయసు మీద పడింది" అని పక్కన పెట్టింది.
నేను తీసి బొటనవేలితో నొక్కి చూశాను.
నా వేలికి అది కుర్రదే.

టైటానియం కావాలని నా పట్టు.
వాల్వులు, రిటైనర్లు, సమస్తం.
అరచేతిలో వేసుకుంటే ఉన్నాయో లేవో తెలియదు.
వాటి కోసం ట్రక్కు అమ్మేశాను,
మా ఆవిడతో మూడు రోజులు మాటల్లేవు.
గ్లెనిస్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసింది.
"తేలికే, పెంగిలీ.
లేవడం తేలిక, వాలడం తేలిక,
పైపూత అరిగిననాడు పోవడమూ తేలిక.
ఏటేటా కొత్తవి కొనే డబ్బుందా నీ దగ్గర?"

కిటికీ గట్టు మీద ఒక పాత పిస్టను.
దాని నడినెత్తిన వాల్వు తల దిగబడి ఉంది,
వానకి మొలిచిన పుట్టగొడుగులా.
క్యామ్ తిరిగి వెళ్ళిపోయినా
తలుపు వెయ్యడం మరిచిన వాల్వు అది.
ఎవరి బండిదో నేను అడగలేదు.
ఆ ఊళ్ళో ఎవరూ అడగరు.
ఆమె రోజూ దాని మీదే టీ కప్పు పెడుతుంది.

చివరికి ఆమె మాటే నెగ్గింది.
పొగ వెళ్ళే వైపు ఇంకోనెల్, నిప్పుకి జంకనిది.
గాలి వచ్చే వైపు ఒకే ముద్దలోంచి సాగగొట్టిన స్టీలు, కాడ సన్నగా.
రిటైనర్లు కూడా స్టీలే.
నా టైటానియం డబ్బా అటకెక్కింది, సీలు విప్పకుండా.

మార్చిలో గెయిర్డ్‌నర్ సరస్సు.
సరస్సు పేరే గానీ చుక్క నీరు లేదు,
ఎర్ర కొండల మధ్య ఆరేసిన తెల్లదనం.
ఉప్పు తిన్నవాడికి విశ్వాసం ఉండాలంటారు,
ఈ ఉప్పుకి మాత్రం ఎవరి మీదా లేదు.
టైరు కింద ఒకచోట రాయి, ఒకచోట గంజి.

పదకొండు వేల అయిదొందలు.
నిమిషంన్నర సేపు మణికట్టు సడలలేదు.
కవాటమంటే తలుపేగా,
సెకనుకి తొంభై ఆరుసార్లు తీసి మూసే తలుపు,
ఎనిమిది తలుపులు, ఒక్కటీ చప్పుడు తప్పలేదు.
నా మోకాళ్ళ మధ్య ఎవరో
ఆగకుండా ఒకే మాట చెబుతున్నట్టు.

రికార్డుకి కిలోమీటరుంపావు తక్కువ.

సాయంత్రం డేరాలో, తల చుట్టూ ఈగల దండు,
గ్లెనిస్ మూత విప్పి రేకు దూర్చింది.
అంకెలు పైకే చదివింది, బడి నుంచి వచ్చిన పిల్లల్ని
గుమ్మం దగ్గర లెక్కపెట్టుకున్నట్టు.
ఎనిమిదికి ఎనిమిది.
బయల్దేరిన రోజు ఎంత సందుందో
ఇప్పుడూ అంతే, వెంట్రుకవాసి తేడా లేదు.
నవ్వింది. పన్నెండేళ్ళలో నేను చూసిన మొదటి నవ్వు.
పక్కడేరా వాళ్ళు నేనే గెలిచాననుకుని
బీరు సీసాలతో వచ్చారు.

నేను మాట్లాడలేదు.
చేతిలో పాస్టీ చల్లారిపోయింది.
ఆ కిలోమీటరుంపావు
అటక మీది డబ్బాలో ఉందని ఇప్పటికీ నా అనుమానం.
ఆమెతో అనలేదు.
ఆ రోజు పక్కన పెట్టిన స్ప్రింగు
చొక్కా జేబులో వేసుకుని తిరుగుతున్నాను.
నిద్రపట్టని రాత్రి తీసి నొక్కుతాను.
తిరిగి నెడుతుంది, అంతే బలంగా.
ఆరు కిలోలు ఎక్కడ పోగొట్టుకుందో
నా వేలికి తెలియదు.